మలయాళం, సెబువానో: మన తెలుగుకి ఏది దగ్గర?

దావావో_మెడికో
అందరికీ నమస్తే. మాది ఖమ్మం. ఫిలిప్పీన్స్‌లోని దావావోలో మెడిసిన్ చదువుతున్నాను. రూమ్మేట్ త్రిస్సూర్ అబ్బాయి. వచ్చే నెల నుంచి మాకు వార్డు పోస్టింగ్. క్లాసులన్నీ ఇంగ్లీషులోనే, కానీ పేషెంట్లు మాట్లాడేది సెబువానో. ఇక్కడ మామూలుగా బిసాయా అంటారు.

గదిలో రూమ్మేట్ ఫోన్ మాట్లాడుతుంటే మలయాళం, గడప దాటితే బిసాయా. రెండేళ్ళుగా రెండూ చెవిన పడుతున్నాయి. మలయాళం వింటే సగం తెలిసినట్టే ఉంటుంది, తీరా అడిగితే అర్థం వేరే. బిసాయాలో ఒక్క మాట కూడా మనది కాదు, కానీ వాక్యం అర్థమయ్యాక "అరె, మనమూ ఇలాగే అంటాం కదా" అనిపిస్తుంది.

మొన్న ఒకటి జరిగింది. క్లాసు అయ్యాక లోకల్ ఫ్రెండ్స్‌తో "మంగాఒన్ మి" అన్నాను, తినడానికి వెళ్దాం అనే ఉద్దేశంతో. వాళ్ళు "సిగే" అని బ్యాగులు తగిలించుకుని వెళ్ళిపోయారు. పిలిచినా రాలేదేంటని బాధపడ్డాను. రాత్రికి తెలిసింది, 'మి' అంటే మేము, 'తా' అంటే మనం. "మేం తింటాం" అన్నాను నేను. వాళ్ళు "సరే తినండి" అన్నారు. మేము, మనం తేడా పుట్టినప్పటి నుంచి తెలిసిన నేను అక్కడ తప్పడం మనసుకి పట్టింది.

ఈ రెండు భాషలకీ ఏమైనా సంబంధం ఉందా? మనకి ఏది తేలిక? నెల రోజుల్లో వార్డుకి సరిపడా ఎలా నేర్చుకోవాలి?

చిన్నప్రశ్న
సంబంధం కచ్చితంగా ఉంది బ్రో. మామిడికాయ మలయాళంలో మాఙ్ఙ, సెబువానోలో మంగ్గా. వాళ్ళ 'అమా' మన అమ్మే. వార్త వాళ్ళకి 'బలిత', ఉపవాసం 'పువాసా'. ఇన్ని కలిశాయంటే ఒకే చెట్టు కొమ్మలు అయ్యుండాలి.

వ్యాకరణం_మాస్టారు
చిన్నప్రశ్న గారూ, మీ ఉత్సాహం బాగుంది. కానీ మీరిచ్చిన నాలుగు మాటలూ నాలుగు దారుల్లో వచ్చినవి. వాటిని విడదీస్తేనే విషయం తెలుస్తుంది.

ముందుగా అమా. సెబువానోలో అమా, అమహాన్ అంటే తండ్రి. తల్లి ఇనహాన్. ధ్వని కలిసింది, మనిషి మారిపోయాడు. ఇలాంటి ఒక్క మాట పట్టుకుని చుట్టరికం కలపకూడదు.

బలిత, పువాసా రెండూ సంస్కృతం నుంచి వెళ్ళినవే. వార్తా, ఉపవాస అనే మాటలు మలయ్ భాష మీదుగా ఆ దీవులకి చేరాయి. నిధి, సంపద అనడానికి వాళ్ళు వాడే 'బహాందీ' కూడా మన భాండమే. 1521లో నావికుడు మాగెల్లాన్ ఫిలిప్పీన్స్‌లోని సెబూ తీరానికి వచ్చేసరికి అక్కడి పాలకుడు రాజా హుమాబోన్. బిరుదులో ఆ 'రాజా' మనం అనే రాజే. ఇవన్నీ వర్తకుల ఓడలతో పాటు వెళ్ళిన మాటలు, అంతే. ఇచ్చిపుచ్చుకున్నంత మాత్రాన అన్నదమ్ములు కారు.

ఇక మామిడి. ఇది ముచ్చటైన ప్రయాణం. మాంగాయ్, మాఙ్ఙ అనే దక్షిణాది మాట మలయ్‌లోకి మంగ్గా అయి వెళ్ళింది. పోర్చుగీసువాళ్ళు మాంగా అన్నారు, ఇంగ్లీషువాళ్ళు మ్యాంగో చేసుకున్నారు. ఫిలిప్పీన్స్‌కి చేరింది కూడా ఆ మాటే. సెబూ ఎండు మామిడికి పేరు పడ్డ ఊరు. అక్కడ ప్యాకెట్టు మీద ఉన్న మాట మూలం మన ద్రావిడ తోటల్లో ఉంది. తమాషా ఏమంటే, మామిడి అంటున్న మనకే ఆ మాట లేదు.

కుటుంబాల విషయానికొస్తే, మలయాళం ద్రావిడం. అందులోనూ తమిళం వైపు కొమ్మ. మనది దక్షిణ మధ్య కొమ్మ. అంటే అక్కచెల్లెళ్ళు కాదు, పెదనాన్న పిల్లల వరస. సెబువానోది ఆస్ట్రోనేషియన్ అనే వేరే కుటుంబం. అయిదుని సెబువానోలో లిమా అంటారు, మలయ్‌లో లిమా, అటు హవాయిలో చేతిని లిమా అంటారు, ఇటు ఆఫ్రికా పక్కన మడగాస్కర్‌లో అయిదుని దిమీ అంటారు. చుట్టరికం అంటే అలా కనిపించాలి: రోజూ వాడే అంకెల్లో, ఒంటి భాగాల పేర్లలో.

కొల్లం_కోడలు
తమ్ముడూ, నేను రాజమండ్రి నుంచి కొల్లం వచ్చి పదకొండేళ్ళయింది. సెబువానో నాకు తెలియదు. "మలయాళం సగం తెలిసినట్టే ఉంటుంది" అన్నావే, ఆ సగంతోనే జాగ్రత్త.

వచ్చిన కొత్తలో ఒక రోజు మా ఆయన ఆఫీసు నుంచి ఫోన్ చేసి "ఎనిక్కు పనియాణు" అన్నారు. పని ఉందేమో, రావడానికి ఆలస్యం అవుతుందేమో అనుకుని, సరే మెల్లగా రండి అన్నాను. సాయంత్రం ఎవరో కారులో తెచ్చి దింపారు, ఒళ్ళు కాలిపోతోంది. మలయాళంలో పని అంటే జ్వరం. చేసే పనిని పణి అంటారు. నకి, ణకి ఉన్న ఆ తేడా చెవికి పట్టుకోకపోవడం వల్ల ఆ మధ్యాహ్నమంతా ఆయన్ని పట్టించుకోలేదనే బాధ నాకు ఇప్పటికీ ఉంది. నువ్వు డాక్టరువి కాబోతున్నావు కాబట్టి ఇది ముందే చెబుతున్నాను.

అవసరం అంటే వాళ్ళకి అవకాశం. గోడ మీద 'తొళిల్ అవసరం' అని చూసి, పనివాళ్ళు కావాలేమో అనుకున్నాను. ఉద్యోగావకాశం అని అర్థం. సంసారం అంటే మాట్లాడటం. "మలయాళం సంసారిక్కాన్ అఱియామో" (మలయాళం మాట్లాడటం వచ్చా) అని అడిగితే మొదట్లో మొహం ఎర్రబడింది.

నాకు బాగా పనికొచ్చిన కిటుకు ఒకటి చెప్తాను. నాలుక వెనక్కి మడిచి పలికే వాళ్ళ ఴ ఉంది కదా, చాలా మాటల్లో దాని చోట మనకి డ ఉంటుంది. కోఴి మన కోడి, ఏఴు మన ఏడు, నిఴల్ మన నీడ, పాఴు మన పాడు. ఇది పట్టుకున్నాక కొత్త మాట వినబడగానే డ పెట్టి చూసుకునేదాన్ని. అన్నిసార్లూ కుదరదు. కుదిరినప్పుడు మాత్రం మన ఇంటి వస్తువు వేరే ఇంట్లో కనబడ్డట్టు ఉంటుంది.

సెబూలో_సిక్కోలు
శ్రీకాకుళం నుంచి వచ్చి సెబూలో ఆరేళ్ళుగా ఉద్యోగం చేస్తున్నాను. తమ్ముడూ, మాటల పోలిక వదిలెయ్. "కాదు, లేదు, వద్దు" పట్టుకో. సగం వార్డు దాంతో నడుస్తుంది.

'దిలీ' మన కాదు. "దిలీ కో దోక్తోర్", నేను డాక్టర్ని కాదు.
'వలా' మన లేదు. "వలాయ్ క్వర్తా", డబ్బు లేదు.
'అయావ్' మన వద్దు. "అయావ్ పగ్‌కాఒన్", తినొద్దు.

ఇంగ్లీషులో ఈ మూడింటికీ దాదాపు ఒకటే నాట్. ఇక్కడ నాతో పనిచేసే ఇంగ్లీషువాళ్ళు దిలీకి, వలాకి తేడా తెలియక ఏళ్ళ తరబడి అవస్థ పడతారు. నాకు రెండో రోజే దొరికింది. జరిగిపోయినదానికి వలా వస్తుంది: "వలా కో మోకాఒన్", నేను తినలేదు. జరగబోయేదానికి దిలీ: "దిలీ కో మోకాఒన్", నేను తినను. మన 'తినలేదు'లో 'లేదు' ఉన్నట్టే వాళ్ళ వాక్యంలో వలా ఉంది చూడు. మొదటిసారి గమనించిన రోజు జీప్నీలో (ఇక్కడి షేర్ బండి) కూర్చుని నాలో నేనే పది వాక్యాలు అనుకుంటూ ఇంటికి వెళ్ళాను.

ఇంకోటి, సెబూ ఊళ్ళో మాట మధ్య ల మింగేస్తారు. వలా కాస్తా 'వా' అవుతుంది. పక్కనే బొహోల్ దీవికి వెళితే య కాస్తా జ అవుతుంది, మాఆయో (బాగుంది) అనేది మాఆజో అంటారు. మీ దావావోలో మనీలా వైపు భాష తగాలోగ్ కలిసి ఇంకో రుచి.

సికింద్రాబాద్_మలయాళీ
నేను పుట్టింది పాలక్కాడ్‌లో, పెరిగింది సికింద్రాబాద్‌లో. ఇంట్లో మలయాళం, వీధిలో తెలుగు. సిక్కోలు అన్న చెప్పిన మూడు మాటలకీ మా వైపు జత కలుపుతాను.

కాదు అంటే అల్ల, లేదు అంటే ఇల్ల. "ఞాన్ డాక్టర్ అల్ల", "పైస ఇల్ల". ఇంతవరకు ముగ్గురం ఒకటే. కానీ తినలేదు అనడానికి "కఴిచ్చిల్ల", తినను అనడానికి "కఴిక్కిల్ల". రెండు చోట్లా ఇల్లే, మధ్యలో చ్చ, క్క మాత్రమే తేడా. అంటే ఈ ఒక్క చోట సెబువానో తెలుగు వైపు నిలబడింది, మలయాళం పక్కకి జరిగింది. వద్దు దగ్గర మళ్ళీ మేం రెండు చేస్తాం. నాకు అక్కర్లేదు అంటే 'వేండ', చేయకూడదు అంటే 'అరుదు'. మీ వద్దు రెంటినీ మోస్తుంది.

మన బడి పుస్తకాల్లో ఙ అనే అక్షరం ఉంది కదా, వాఙ్మయం అనే మాట కోసమే దాచుకున్నట్టు ఉంటుంది. మలయాళంలో అది రోజూ నోట్లో ఉండే అక్షరం. మాఙ్ఙ, తేఙ్ఙ (కొబ్బరికాయ), ఞఙ్ఙళ్ (మేము). సెబువానోలో అయితే మాట మొదట్లోనే వస్తుందని ఫిలిప్పినో సహోద్యోగి దగ్గర విన్నాను. పేరు ఙాలన్, పన్ను ఙీపోన్. తమ్ముడి రూమ్మేట్‌కి ఆ మాటలు తేలిగ్గా వచ్చి ఉండాలి.

దావావో_మెడికో
నిజమే అన్నా! వాడు ఙీపోన్ మొదటి రోజే అన్నాడు. నేను "నీపోన్", "గీపోన్" అంటూ వారం తిప్పలు పడ్డాను.

మీరంతా చెప్పింది చదివాక నాకు ఒకటి తట్టింది. ఆకలేస్తే ఇక్కడ "గిగుతోమ్ కో" అంటారు. దాహం వేస్తే "గిఉహావ్ కో". అలిసిపోతే "గికాపోయ్ కో". ఈ 'గి' ఏంటి? రూమ్మేట్‌ని అడిగితే, మలయాళంలో "ఎనిక్కు విశక్కున్ను" అంటాం, నాకు ఆకలి అన్నట్టే అన్నాడు. మూడూ ఒకటేనా?

వ్యాకరణం_మాస్టారు
ఈ చర్చలో ఇదే అసలు ప్రశ్న, బాబూ. కాస్త నిదానంగా చెబుతాను.

ఇంగ్లీషువాడు నేను ఆకలిగా ఉన్నాను అంటాడు. ఆకలి వాడి గుణం. తెలుగువాడు "నాకు ఆకలేస్తోంది" అంటాడు. ఆకలి ఎక్కడి నుంచో వచ్చి వేస్తుంది, నేను దాన్ని అందుకునేవాణ్ణి. అందుకే 'నేను' కాదు, 'నాకు'. మలయాళం ఎనిక్కు అచ్చంగా అదే. ఈ పని చేసేది పేరు చివర ఉన్న 'కు'.

సెబువానోలో పేరుకి అలాంటి తోక లేదు. అక్కడ ఆ భారం క్రియ మోస్తుంది. 'గి' తగిలితే, కర్త చేసిన పని కాదు, ఎవరికో జరిగిన పని అని గుర్తు. గుతోమ్ ఆకలి, గిగుతోమ్ కో అంటే ఆకలి నన్ను పట్టింది. జ్వరం హిలానత్. ముందు గి, వెనక అన్ చేరిస్తే గిహిలాంతన్, జ్వరం వచ్చి వాలిన మనిషి. ఆకలి, జ్వరం బయటి నుంచి వచ్చి మనిషిని పడతాయనే ఊహ మూడింటికీ ఒకటే. కాకపోతే మనం, మలయాళీలు ఆ సంగతి మనిషి పేరు చివర చెప్తాం, వాళ్ళు క్రియకి ముందూ వెనకా చెప్తారు.

ఇంకో ఉదాహరణ. అనాకి పుస్తకం ఇచ్చాను. మలయాళంలో క్రియ 'కొడుత్తు' (ఇచ్చాను) అలాగే ఉంటుంది, అనా పేరు చివరే ప్రత్యయం మారుతుంది. సెబువానోలో నేను ముఖ్యమైతే "మిహాతగ్ కో", పుస్తకం ముఖ్యమైతే "గిహాతగ్ నాకో అంగ్ లిబ్రో", అనా ముఖ్యమైతే "గిహాతగన్ నాకో సి అనా". వాక్యం దేని గురించో దాని ముందు అంగ్, మనిషి పేరైతే సి వస్తుంది. దాని పాత్ర ఏమిటో క్రియ చూసి తెలుసుకోవాలి. మనం చివరి దాకా విని క్రియ పట్టుకుంటాం. సెబువానో వాక్యంలో క్రియ మొదటే వచ్చేస్తుంది. మొదటి మాట జారవిడిస్తే మిగతాదంతా జారిపోతుంది. వార్డులో ఆ మొదటి మాట మీద చెవి పెట్టు.

కొల్లం_కోడలు
ఇవ్వడం అన్నారు కాబట్టి మాస్టారూ, ఒక చిన్న మాట. మలయాళంలో ఇవ్వడం కూడా రెండు. నాకో నీకో అయితే 'తా', వేరేవాళ్ళకైతే 'కొడుక్కు'. మా అత్తగారి దగ్గర పళ్ళెం పట్టుకుని "ఎనిక్కు కొడుక్కు" అన్నాను ఒకసారి. ఆవిడ అన్నం వడ్డిస్తూనే "తా అను మోళే" అన్నారు, అంతే మెత్తగా. మోళే అంటే అమ్మాయీ, కూతురా అన్నట్టు. ఆ పళ్ళెంతో నేర్చుకున్నది మళ్ళీ తప్పలేదు.

చిన్నప్రశ్న
మాస్టారు గారూ, అమా విషయం ఒప్పుకుంటున్నాను. అయితే ఇంతకీ ఏది తేలిక?

సెబూలో_సిక్కోలు
మాట్లాడటం మొదలెట్టడానికి సెబువానో తేలిక అంటాను నేను. పాత మాటలకి అచ్చులు మూడే: అ, ఇ, ఉ. ఎ, ఒ వినిపిస్తాయి గానీ చాలా మాటల్లో ఇ, ఉలకి మారు రూపాలే. ట, డ, ణ, ళ బాధ లేదు. ఖ, ఘ లాంటి ఒత్తు పలుకులు లేవు. వాడు, ఆమె తేడా లేదు, ఇద్దరికీ సియా. వచ్చాను, వచ్చావు, వచ్చాడు అని మార్చక్కర్లేదు: మిఅబోత్ కో, మిఅబోత్ కా, మిఅబోత్ సియా.

కానీ గొంతులో చిన్న ఆగుడు ఒకటుంది, రాసేటప్పుడు కనబడదు. బాసా అంటే చదవడం. చివర ఊనిక పెట్టి టక్కున గొంతు ఆపితే తడి. అది నాకు ఇప్పటికీ పూర్తిగా రాలేదు.

ధరలు, టైము మాత్రం స్పానిష్. పళ్ళు ఉసా, దుహా, తులో అని లెక్కపెడతారు, ధర మాత్రం బయింతే (ఇరవై), సింగ్‌క్వెంతా (యాభై) అంటారు. ఎనిమిది గంటలు అలాస్ ఒత్సో. మందు ఎన్ని గంటలకి వేసుకోవాలో చెప్పాలంటే ఆ అంకెలు తప్పవు తమ్ముడూ.

సికింద్రాబాద్_మలయాళీ
క్రియకి నేను, నువ్వు, వాడు అని తోకలు లేకపోవడం మలయాళంలో కూడా అంతే. ఞాన్ వన్ను, నీ వన్ను, అవన్ వన్ను. ద్రావిడ భాషల్లో ఇలాంటిది అరుదు. సికింద్రాబాద్ బడిలో నాకు మీ వచ్చాను, వచ్చావులే కష్టమయ్యాయి.

స్పానిష్ మాట వచ్చింది కాబట్టి చెబుతాను. మా బల్ల మేశ, వాళ్ళ బల్ల లమేసా. మా బూటు సపాత్తు, వాళ్ళది సపాతోస్. శిలువ మాకు కురిశు, వాళ్ళకి క్రుస్. మాకు పోర్చుగీసు నుంచి, వాళ్ళకి స్పానిష్ నుంచి. వాస్కో డ గామా 1498లో కోఴిక్కోడ్ చేరాడు. మాగెల్లాన్ కూడా ముందు 1505లో పోర్చుగీసు నౌకల్లో ఇండియాకి వచ్చినవాడే, పదహారేళ్ళ తర్వాత సెబూ పక్కన మక్తాన్‌లో చనిపోయాడు. మా అమ్మమ్మ ఇంట్లో మేశ మీదా, సెబూలో ఎవరో ముసలమ్మ లమేసా మీదా ఒకే మాట కూర్చుంది.

ఒక్క తేడా మాత్రం నాకు కష్టంగా ఉంటుంది. 1956 నవంబర్ 1న మీకూ మాకూ ఒకే రోజు భాష పేరుతో రాష్ట్రం వచ్చింది. కేరళలో 2017 చట్టంతో పదో తరగతి దాకా మలయాళం నేర్పడం తప్పనిసరి. మలయాళం సొంత భాషగా ఉన్నవాళ్ళు 2011 లెక్కల ప్రకారం 3 కోట్ల 48 లక్షలు. సెబువానో మాట్లాడేవాళ్ళూ రెండు కోట్ల పైమాటే. వాళ్ళకి అలాంటి అండ ఉందా?

సెబూలో_సిక్కోలు
లేదన్నా. 1937లో జాతీయ భాషకి తగాలోగ్‌ని ఆధారం చేశారు. అప్పుడు బిసాయా వాళ్ళే ఎక్కువ, ఆ మాట ఇక్కడి పెద్దవాళ్ళు ఇప్పటికీ తలుచుకుంటారు. 2012 నుంచి చిన్న తరగతులు మాతృభాషలో చెప్పడం మొదలైంది, అందులో సెబువానో కూడా ఉంది. 2024 అక్టోబరులో వచ్చిన చట్టంతో ఆ తప్పనిసరి తీసేశారు. మా ఇంటి ఓనరమ్మ మనవడు రెండో తరగతి. వాడు ఇంట్లో అనే మాటలు వాడి పుస్తకంలో కనబడాలని ఆవిడకి ఎంతో ఆశ. తెలుగు మీడియం బళ్ళో చదివినవాణ్ణి, ఆవిడ బాధ నాకు తెలుసు.

వ్యాకరణం_మాస్టారు
నిఘంటువు అడుగుతావేమో బాబూ. మలయాళానికి గుండర్ట్ నిఘంటువు 1872లో వచ్చింది, సెబువానోకి జాన్ వోల్ఫ్ చేసినది సరిగ్గా నూరేళ్ళకి, 1972లో. వోల్ఫ్ మూడు అచ్చులతోనే రాశారు. కాఒన్ కోసం వెతికితే దొరకదు, కాఉన్ దగ్గర చూడు.

దావావో_మెడికో
ఆరు వారాల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి క్షమించండి. పోస్టింగ్ మొదలైంది. నేనూ రూమ్మేటూ గోడ మీద కాగితం అంటించాం. మూడు వరసలు: కాదు–లేదు–వద్దు, అల్ల–ఇల్ల–వేండ, దిలీ–వలా–అయావ్. కింద గిగుతోమ్, గిఉహావ్, గిహిలాంతన్. కొల్లం అక్క చెప్పిన పని, పణి వాడికి చెప్తే చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత వాళ్ళ అమ్మకి ఫోన్ చేసి చెప్పాడు.

నిన్న పొద్దున వార్డులో ఒక పెద్దావిడ, ట్రే ముట్టుకోకుండా కిటికీ వైపు తిరిగి పడుకుని ఉంది. దగ్గరికి వెళ్ళి "నికాఒన్ నా కా, లోలా?" అన్నాను, తిన్నావా నానమ్మా అని.

"వలా పా, దోంగ్" అంది. ఇంకా లేదు, అబ్బాయీ.

రూమ్మేట్ వెంటనే మంచం తల వైపు పైకి ఎత్తాడు. నేను ట్రే ముందుకి జరిపాను.